చాముండి మణికట్టు

ఫిబ్రవరి 11, 2025, మంగళవారం. ఆసుపత్రి, ఉదయం 6:10

రోజూ రాసుకునే పుస్తకం ఇంట్లో ఉండిపోయింది. మా అమ్మాయి భవిత తన బ్యాగ్‌లోంచి ఒక నోట్‌బుక్ ఇచ్చింది. దీంట్లోనే రాస్తాను.

నిన్న మధ్యాహ్నం మూడున్నరకి జరిగింది. నేను గరాజ్‌లో ఎవరిదో కుట్టు మిషను విప్పి కూర్చున్నాను. చాముండి ముందు గదిలో అనురాధకి బ్లౌజు కొలతలు తీసుకుంటోంది. అనురాధ కేక వేసింది. వెళ్లేసరికి చాముండి కుర్చీలో ఒరిగిపోయి ఉంది. టేపు కింద పడి ఉంది. కుడిచెయ్యి ఒళ్లో ఎవరిదో చెయ్యిలా పడి ఉంది. నావైపు చూసి ఏదో చెప్పబోయింది. మాట రాలేదు. ముప్పై మూడేళ్ల కాపురంలో నాకు మాట్లాడే సందివ్వని మనిషి.

కళ్లు తిరిగాయేమో అనుకుని కాఫీ కలపడానికి వంటింట్లోకి పరిగెత్తాను. అనురాధ వెనకే వచ్చి గ్లాసు లాక్కుంది. ఏమీ తాగించకండి అంకుల్, ఇది స్ట్రోక్, అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేశాను అంది. ఆ పిల్ల నిన్న రాకపోయి ఉంటే నేను కాఫీ కలుపుతూ ఉండేవాణ్ని.

ఎంఆర్ఐలో మెదడుకి ఎడమవైపు చిన్న మచ్చ కనబడింది. రక్తం గడ్డ వెళ్లి ఇరుక్కుందట.

ఫిబ్రవరి 13, గురువారం

ఇంటికి పంపేశారు. మాట వచ్చింది, కానీ తడుముకుంటోంది. చెంచా ఇమ్మనడానికి కత్తెర ఇమ్మంటోంది. తప్పు తనకే తెలిసి కోపం తెచ్చుకుంటోంది. కుడిచేత్తో సుద్దముక్క పట్టుకోలేకపోయింది.

న్యూరాలజీ డాక్టరమ్మ అన్నీ బాగానే ఉన్నాయంది. మెడ నరాలు శుభ్రం. షుగర్ లేదు. రెండు రోజులు మానిటర్ పెట్టినా గుండె చక్కగా కొట్టుకుందట. మరి గడ్డ ఎక్కడ పుట్టింది అని అడిగాను. తెలియదంది. దానికొక పేరు కూడా ఉంది, క్రిప్టోజెనిక్. తెలియదు అని చెప్పడానికి ఎంత పెద్ద మాట.

గుండెలో పుట్టొచ్చా అన్నాను. పుట్టొచ్చంది. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణికితే రక్తం అక్కడ నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. గడ్డ కదిలితే మెదడుకి పోవచ్చు. దాన్ని ఏఫిబ్ అంటారు. మీ ఆవిడకి అది కనబడలేదు, అయినా పద్నాలుగు రోజులు ఛాతీ మీద ఒక ప్యాచ్ అంటించి గుండెని చూద్దాం అంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

నాకు చదువు లేదు. చీరాలలో పదమూడో ఏట టైలర్ షాపులో చేరాను. పాడైన మిషన్లు విప్పి విప్పి పని నేర్చుకున్నాను. ఇంగ్లిష్ కూడా మిషన్లతో వచ్చే పుస్తకాలు చూసే నేర్చుకున్నాను. బావగారు కాగితాలు పెడితే అమెరికాకి, ఈ క్యారీ ఊరికి వచ్చాం. పన్నెండేళ్లయింది. క్యారీలో ఏ మిషను ఆగినా నా దగ్గరికే తెస్తారు.

నాకు తెలిసింది ఒకటే. కుట్టు తప్పుతోందని మిషను తెస్తారు. నా బల్ల మీద పెట్టగానే ముత్యాల్లా కుడుతుంది. రెండు నిమిషాలు చూసి బాగుందని పంపేస్తే నాలుగో రోజు మళ్లీ వస్తుంది. అలాంటి మిషన్ని నేను పంపను. దగ్గర పెట్టుకుని కుడుతూనే ఉంటాను, తప్పేదాకా.

ఇవాళ్టినుంచి చాముండి నాడి నేనే చూస్తాను. రోజుకి నాలుగుసార్లు, ఒక్కో నిమిషం.

ఉదయం 76, సమం. మధ్యాహ్నం 80, సమం. సాయంత్రం 78, సమం. పడుకునే ముందు ఇవ్వనంది.

మార్చి 1, శనివారం

ప్యాచ్ తీసి పోస్ట్ చేశాం. చాముండికి ఇవాళ ఒక్కపొద్దు. నాలుగుసార్లూ సమం.

మార్చి 11, మంగళవారం

ప్యాచ్ రిపోర్ట్ వచ్చింది. ఏమీ లేదు. డాక్టరమ్మ ఆస్పిరిన్ వేసుకుంటూ ఉండమంది. మూడు నెలలకి రమ్మంది. చర్మం కింద పెట్టే చిన్న రికార్డర్ ఒకటి ఉందట, ఏళ్ల తరబడి గుండెని చూస్తుందట. అది పెట్టండి అన్నాను. ఇన్సూరెన్స్‌కి రాద్దాం, తొందరేం లేదు అంది.

తొందర ఎవరికి లేదు?

మార్చి 12, బుధవారం

భవితతో గొడవ. అది ఫార్మా కంపెనీలో పనిచేస్తుంది, ఈ మాటలన్నీ దానికి తెలుసు. నాన్నా, మానిటర్, ప్యాచ్ కలిపి పదహారు రోజుల డేటా క్లీన్‌గా ఉంది, నువ్వు ఊరికే అమ్మని కంగారు పెడుతున్నావ్ అంది. రోజుకి నాలుగుసార్లు చెయ్యి పట్టుకుంటే బాగున్నవాళ్లకి కూడా గుండె దడ వస్తుందంది. వాళ్లమ్మ వెంటనే దాని పక్షం చేరింది. నేనేమన్నా మిషన్నా ఏమండీ, కాసేపాగితే నూనె కూడా పోస్తారేమో అంది. మాట ఎక్కడా తడుముకోలేదు. తిట్లలో ముందు కోలుకుంది.

సాయంత్రం మళ్లీ చూశాను. 74, సమం.

చూస్తూనే ఉంటాను.

మార్చి 25, మంగళవారం

నాడి ఇవ్వదట. మణికట్టు చీర కొంగులో చుట్టేసుకుంది. వంకాయ కూర నేను వండాక ఇచ్చింది. 82, సమం. కూరలో ఉప్పు లేదంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఉదయం 10:20కి వేళ్లకింద తేడా తగిలింది.

మూడు దగ్గరదగ్గరగా కొట్టింది. ఆగింది. ఒకటి గట్టిగా. రెండు ఉన్నాయో లేవో అన్నట్టు. లెక్క కుదరలేదు. ఇంకో నిమిషం చూశాను, ఇంకో నిమిషం చూశాను. ఏ రెండు దెబ్బలకీ మధ్య ఒకే ఎడం లేదు. ఎలా ఉంది చాముండీ అంటే, నాకేం, బాగానే ఉన్నాను, పోపు మాడుతోంది వదలండి అంది. తనకి ఏమీ తెలియడం లేదు.

స్టవ్ ఆర్పేశాను. నైటీ మీదే శాలువా కప్పి కార్‌లో కూర్చోబెట్టాను. కార్డియాలజీ క్లినిక్ పదకొండు నిమిషాల దూరం.

ముందు డెస్క్‌లో అమ్మాయి అపాయింట్‌మెంట్ ఉందా అంది. లేదన్నాను. వచ్చే మంగళవారం ఉంది అంది. మంగళవారానికి ఇది ఉండదు, ఇప్పుడుంది, ఇప్పుడు వైర్లు పెట్టండి అన్నాను. మాకు ప్రొసీజర్ ఉంది సర్ అంది. నాకూ ఉంది అన్నాను. అంత ఇంగ్లిష్ ఒక్కసారిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. గొంతు పెరిగిందట, చాముండి తర్వాత చెప్పింది. కూర్చున్నవాళ్లంతా చూశారు. చూడనీ. సెక్యూరిటీని పిలవాలా అంది ఆ అమ్మాయి. పిలవండి, ఆయన్ని కూడా నాడి పట్టుకుని చూడమనండి అన్నాను.

లోపల్నుంచి ఒక నర్సు వచ్చింది. పెద్దావిడ. ఏమీ అడగలేదు. చాముండి మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టింది. నావైపు చూసింది. రండి అంది.

ఈసీజీ కాగితం ఇప్పుడు నా ముందు ఉంది. ఏఫిబ్. పేరు రాసి ఉంది, టైమ్ రాసి ఉంది. 10:52.

భవితకి ఫోన్ చేశాను. సారీ నాన్నా అంది. సారీ ఎందుకు, నువ్వు చెప్పింది చదువు, నేను చేసింది రిపేరు అన్నాను. ఏడుస్తూ నవ్వింది.

ఏప్రిల్ 3, గురువారం

ఆస్పిరిన్ ఆపేశారు. రక్తం గడ్డ కట్టకుండా కొత్త మాత్ర ఇచ్చారు. రోజుకి ఒకటి, రాత్రి భోజనంతో. గడి గీసి టిక్ పెడుతున్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

అనురాధ బ్లౌజు ఇవాళ పూర్తి చేసింది. రెండు నెలల పన్నెండు రోజులు పట్టింది. బట్ట తిరిగి ఇచ్చేద్దామని భవిత ఎన్నిసార్లన్నా ఒప్పుకోలేదు. ఎడమ భుజం దగ్గర కుట్టు కొంచెం వంకర. ఇలాగే తొడుక్కుంటాను ఆంటీ, విప్పొద్దు అంది అనురాధ. అదెలా కుదురుతుంది, క్యారీలో నా పరువేం కావాలి అని చాముండి అక్కడికక్కడే విప్పేసింది.

కొలతలు మాత్రం ఇంకా ఎడమచేత్తోనే రాస్తోంది. కుడిచేత్తో రాస్తే అంకెలు ఆవగింజలంత అయిపోతున్నాయి.

మే 4, ఆదివారం. ఆసుపత్రి

మళ్లీ వచ్చింది.

ఉదయం ఎనిమిదికి హుక్కులు కుడుతోంది. వేళ్లలోంచి సూది జారిపోయింది. చెయ్యి చూపించింది, మాట లేదు. ఈసారి నేను కాఫీ కలపలేదు. 911. అంబులెన్స్ వచ్చేలోపే చెయ్యి కదిలింది. ఆరు నిమిషాలు. వచ్చినవాళ్లతో నేను బాగానే ఉన్నాను వెళ్లిపోండి అని తెలుగులో చెప్పింది.

స్కాన్‌లో కొత్త మచ్చ లేదు. గడ్డ వచ్చి కరిగిపోయి ఉంటుందన్నారు. మాత్ర ఎన్నిసార్లు మర్చిపోయారు అని అడిగాడు ఇక్కడి డాక్టర్. ఒక్కసారి కూడా లేదన్నాను. నోట్‌బుక్ చూపించాను. ముప్పై ఒక్క టిక్కులు. నమ్మలేదనుకుంటాను. కొందరికి వేసుకున్నా వస్తుంది అన్నాడు.

కొందరికి అంటే ఎవరికి? ఎందుకు? ఆ మాట నాకు వద్దు.

మే 6, మంగళవారం

మాత్రల డబ్బాలో మడతలు పెట్టిన కాగితం ఉంటుంది. దుప్పటంత ఉంది. చీమ తలకాయంత అక్షరాలు. భూతద్దం పెట్టుకుని పొద్దుటినుంచి చదివాను. తెలియని మాటలకి ఫోన్‌లో అర్థం చూసుకున్నాను.

పొట్టలో తిండి లేకపోతే ఈ మాత్ర పూర్తిగా ఒంటికి పట్టదు. అందుకే రాత్రి భోజనంతో అన్నారు. మేము రాత్రి అన్న మాటే విన్నాం.

శనివారాలు చాముండి మధ్యాహ్నం ఒక్కపూటే తింటుంది. రాత్రి అరగ్లాసు పాలు. ఆ పాలతోనే మాత్ర. భవిత పుట్టినప్పుడు పదిరోజులు ఇంక్యుబేటర్‌లో ఉంది, అప్పటి మొక్కు. మే 3 శనివారం. 4 పొద్దున చెయ్యి పడిపోయింది.

ఆ శనివారాలన్నిటికీ టిక్ పెట్టింది నేనే. పాల గ్లాసు చేతికిచ్చింది కూడా నేనే.

మే 7, బుధవారం

కార్డియాలజీ డాక్టర్ అంతా విన్నాడు. ఒక్క శనివారం వల్లే వచ్చిందని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అన్నాడు. ఆ మాట నచ్చింది. తిండితో పని లేని మాత్ర ఇంకొకటి ఉందట, రోజుకి రెండుసార్లు. ఇన్సూరెన్స్ ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టొచ్చు, అందాకా శనివారాలు కూడా రాత్రి భోజనం చేయాలి అన్నాడు.

కార్ ఎక్కాక చాముండి, ముప్పై ఏళ్లు తప్పని మొక్కు ఒక మాత్ర కోసం తప్పమంటారా అంది. తప్పమంటాను అన్నాను. మీకు దేవుడంటే భయం లేదు అంది. నీ నోరు పడిపోవడమంటేనే భయం అన్నాను.

మే 10, శనివారం

పోట్లాటకి సిద్ధమై లేచాను. తినకపోతే నేనూ తినను అని చెప్పాలనుకున్నాను. దేవుడితో నేనే మాట్లాడుకుంటాను అని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి నాకు వడ్డించింది. తను తినలేదు. రెండయింది, మూడయింది. అన్నం గిన్నె అలాగే ఉంది. ఉన్న ఒక్కపూట కూడా మానేసి నామీద కసి తీర్చుకుంటోందనుకున్నాను. గరాజ్‌లోకి పోయి భవితకి ఫోన్ చేశాను. మీ అమ్మ పూర్తిగా ఉపవాసం మొదలెట్టింది, వెంటనే రా అన్నాను. అది పరిగెత్తుకొచ్చింది.

ఏడింటికి స్నానం చేసింది. దీపం పెట్టింది. మూడు కంచాలు వేసింది. కూర్చుని అన్నం కలుపుకుంది.

మేమిద్దరం నిలబడి చూస్తున్నాం. ఏం చూస్తారు అంది. ఒక్కపొద్దంటే ఒక్కపూట తినడం. ఆ పూట మధ్యాహ్నమే అవ్వాలని ఎవరన్నారు? మా అమ్మమ్మ కార్తీకమాసమంతా చుక్కలు చూశాకే తినేది. రోజుకి రెండు మాత్రలు మింగేకంటే నేను పూట మార్చుకుంటే పోలా? ఇంత చిన్న లెక్క మీ నోట్‌బుక్‌లో తట్టలేదా అంది. మరి కార్‌లో ఆ గొడవెందుకు అన్నాను. మీరు తప్పమన్నందుకు అంది. భవిత పొట్ట పట్టుకుని నవ్వింది.

రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. తర్వాత మాత్ర.

టిక్ పెట్టబోతే పెన్ను లాక్కుంది.

మే 17, శనివారం. రాత్రి 7:50

ఇవాళ రాస్తున్నది చాముండేశ్వరి. కుడిచేత్తో. అంకెలు చిన్నవిగా ఉంటే ఉన్నాయి, చదువుకోండి.

అన్నం, ముద్దపప్పు, దొండకాయ వేపుడు. పైన మాత్ర. నాడి నేనే చూసుకున్నాను. 74. సమం.

ఆ లెక్క ఇక నాది. మీకు నా చెయ్యి పట్టుకోవాలని ఉంటే ఊరికే పట్టుకోండి.