కుట్టేసిన జేబులు

అక్టోబర్ 6, సోమవారం
పిల్లల మానసిక వార్డులో నా మొదటి సొంత పేషెంట్. ఇలింక, పద్నాలుగేళ్లు. తిండి మానేసి పుల్లలా అయిపోయింది. నా పని మందులు రాయడం కాదు, ఆమెతో కూర్చుని భోంచేయడం. ఆరేళ్లు మెడిసిన్ చదివింది ఇందుకన్నమాట! మా ప్రొఫెసర్ కజాకు మేడమ్ రూలు: ఇద్దరికీ ఒకే వడ్డన, అరగంటలో రెండు ప్లేట్లూ ఖాళీ కావాలి. శుక్రవారానికి బరువు పెరగకపోతే ఇలింక ముక్కులో ట్యూబ్ వేస్తారు. అదే రోజు నా ట్రైనింగ్ బుక్కులో మేడమ్ సంతకం పెట్టాలి. అది పడకపోతే ఈ ఆర్నెల్లూ బూడిదలో పోసిన పన్నీరే.

అక్టోబర్ 7
నాకే ముద్ద దిగడం లేదు. తిండితో నాదీ పాత పేచీయే. పుల్లటి సూపు ఎలాగో మింగాను, చీజూ బ్రెడ్డూ కోటు జేబులోకి తోశాను. ఇలింక తల ఎత్తలేదు. ఆమె ప్లేటు మాత్రం ఖాళీ.

అక్టోబర్ 8
మళ్లీ జేబే.

అక్టోబర్ 9, గురువారం
ఇలింక బరువు నాలుగు వందల గ్రాములు తగ్గింది. నాడి నలభై రెండు. అంతా తింటోందా అని మేడమ్ అడిగింది. తింటోందన్నాను. అయితే ఇంకేదో జబ్బుందేమో, రేపు టెస్టులూ ట్యూబూ రెండూ కానిచ్చేద్దాం అంది.

భోజనాల దగ్గర ఇలింక ముందుకు వంగి, మీది జేబులోకి పోతే నాది సాక్సులోకి పోతోంది డాక్టరమ్మా, మీరు నోరెత్తకండి, నేనూ ఎత్తను అంది. నవ్వింది కూడా. ఆమె నవ్వడం మొదటిసారి చూశాను. భయమేసింది.

అక్టోబర్ 10, ఉదయం 6.10
ట్రామ్ స్టాపు. చెబితే సంతకం పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. ఇందులో ఆలోచించడానికేముంది? అయినా మూడు ట్రాములు వదిలేశాను.

మధ్యాహ్నం
చెప్పేశాను. మేడమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. దొంగ చేతికే తాళాలిచ్చానన్నమాట అని నా బుక్కు సొరుగులో పడేసింది. సంతకం సంగతి తర్వాత, ముందు తినడం నేర్చుకో స్మరాందా అంది. ఇద్దరూ నిజంగా తింటారేమో చూద్దామని ట్యూబ్ సోమవారానికి వాయిదా వేసింది.

నర్సు లెనూత్స ఆంటీ నా కోటు జేబులు తెల్లదారంతో కుట్టేసింది. కదలకే పిల్లా, ముందు డాక్టరుకే వైద్యం చేయాల్సొచ్చె నా ఖర్మకొద్దీ అని ఒకటే వేళాకోళం.

నిజం చెప్పేశానని ఇలింకతో అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

అక్టోబర్ 12
ఆమె సగంలో ఆపేసింది. నేను ఆఖరి ముక్క దాకా తిన్నాను. ఏడుపొచ్చింది, అదీ మింగాను.

అక్టోబర్ 13, సోమవారం
రెండు ప్లేట్లూ ఖాళీ. ఇలింక లేచి వచ్చి నా జేబుల కుట్లు తడిమి చూసింది. తర్వాత కూర్చుని, సాక్సులు విప్పి నా ముందు దులిపింది. ఏమీ రాలలేదు.