కనబడని అతుకు

భువనగిరి,
18 ఆగస్టు 2023, శుక్రవారం.

చిరంజీవి హారికకు,

నీ చిన్నాయన నరహరి మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ చిన్నమ్మ వసంతలక్ష్మి మోకాలికి దవాఖానలో కట్టు కట్టారు. మగ్గం దగ్గరికి పోవద్దన్నారు, పోతూనే ఉంది. ముసురు వదలడం లేదు, పడుగంతా చెమ్మెక్కింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే మళ్లీ కూర్చోబుద్ధి కాదు.

నిన్న నీ ఫోను వచ్చినప్పటి నుంచి ఒంట్లో ఉన్న కాస్త సత్తువా పోయింది. అచ్చంపేట అవతల అడవి గూడేలకు పాముకాటు మందు మోసే మీ డ్రోను, గాల్లో మాట వినకుండా పోయి గుట్ట మీద పడిందన్నావు. తప్పు నీ యాంటెన్నాదేనని సార్లు తేల్చారని, సోమవారం రాజీనామా ఇచ్చేస్తానని అన్నావు. ఏడ్చి చెప్పినా బాగుండేది. అంత నింపాదిగా చెప్పావు చూడు, అది నాకు మింగుడు పడలేదు.

మొదట నువ్వు వచ్చి విడమరిచి చెప్పింది గుర్తుంది. డ్రోను ఎటు తిరిగినా కిందినుంచి పంపే మాట అందుకోవాలి, అన్ని దిక్కులా ఒకేలా వినాలి, యాంటెన్నా బరువు ఎంత తగ్గితే అంత మందు ఎక్కువ పడుతుంది అన్నావు. వెండిపూత పోగు కండె నా ముందు పెట్టి, చిన్నాయనా, గీ పోగును గుడ్డల మలుపులు తిప్పి నేసియ్యి, గదే యాంటెన్నా, గీ కొస నుంచి గా కొసదాంక యాడా తెగొద్దు అన్నావు. జరీ నేసినోనికే చెప్తున్నవా బిడ్డా అని నిన్ను ఎగతాళి చేశాను. నేసి ఇస్తే తమలపాకంత బరువు కూడా లేదు. అది తూచి నువ్వు నవ్విన నవ్వును మీ చిన్నమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

బల్ల మీద పరీక్షలో బాగా పనిచేసింది గాల్లో ఎందుకు ఆగిందో అంతుచిక్కలేదన్నావు. పడ్డదాన్ని తెచ్చి భూతద్దంతో చూసినా లోపం కనబడలేదట. అందుకని నీ లెక్కే తప్పని నువ్వే ఒప్పేసుకున్నావు. తొందరపడకు. వేళకు జర తిను. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. రేపు పట్నం వస్తున్న మన వాడకట్టు గుర్వయ్య చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

నీ మేలు కోరే చిన్నాయన,
నరహరి

తా.క. రాసిందంతా ఒకసారి చదువుకున్నాను. రాయాల్సింది మాత్రం రాయలేదు. నేసేటప్పుడే ఆ పోగు తెగింది హారికా, మూడో మలుపు దగ్గర. ఇంకో కండె లేదు, నువ్వేమో గుడ్డ తీసుకోను అప్పటికే బస్సెక్కి వస్తున్నావు. చేతి అలవాటు కొద్దీ వేళ్లకు గంజి తడి చేసుకుని, మెలిపెట్టి అతికాను. అతుకు కనబడితే నేసినవాడికి నామోషీ. నలభై ఏండ్లలో నా అతుకును ఎవరూ పట్టుకోలేదు. నీ భూతద్దం కూడా పట్టుకోలేదు.

పొద్దున మిగిలిన ముక్కను అట్లాగే అతికి, కరెంటు పని చేసే పరశురాములుతో మీటరు పెట్టించాను. కదలకుండా ఉంటే ముల్లు లేచింది, ఊపితే పడిపోయింది. గంజి ఎండి నడుమ అడ్డం పడ్డది, ఊగితే తెగినట్టే అన్నాడు.

నీ లెక్క తప్పు కాదు, నా చెయ్యి తప్పు. ఫోనులో చెబుదామని రెండుసార్లు చూశాను, నోరు రాలేదు. ఈ కాగితం మీ సార్ల బల్ల మీద పెట్టు. ఆ మూడో మలుపు దగ్గర వాళ్లనే గోటితో గీకి చూడమను. నా అతుకు అందరికీ కనబడనీ.