దేవుడి వెనక రింగు

మూకండపల్లి,
9-8-83

అమ్మకు రంగనాయకులు నమస్కారాలు. జ్వరం తగ్గింది, దిగులుపడకు.

నాన్న వాచీని హోసూరులో రిపేరు చేసే అశ్వత్థనారాయణ గారికి చూపించాను. భూతద్దంలో చూశారు. "నీళ్లలో మునిగి పనిచేసేవాళ్ల వాచీప్పా! ఇట్లాంటిది నేను యాడా చూడలేదు. ముళ్లు, అద్దం, కీ అన్నీ దీంతో పుట్టినవే. చుట్టూ తిరిగే అంకెల రింగు యాడ? సిలిండర్లో గాలి అయిపోకముందే పైకి రమ్మని చెప్పేది అదే కదప్పా" అన్నారు.

అప్పుడు తెలిసింది. నాన్న పోయాక, వదులైందని నువ్వు ఊడదీసి వెంకన్న విగ్రహం వెనక ప్రభలా నిలబెట్టింది దాన్నే! రేవులో పనికి నీళ్లలోకి దిగిన ప్రతిసారీ నాన్నను మన దగ్గరికి పంపింది అదే.

బోరింగు బాగయిందా? చెల్లి అలివేలుకు దీవెనలు.

రింగు పంపమని అడగడానికే ఈ కార్డు మొదలుపెట్టాను. వద్దు, అక్కడే ఉండనీ. చింతపండుతో మాత్రం తోమకు, అంకెలు చెరిగిపోతాయి.