మారు వడ్డన

అక్కా,

నేను కులాసా, దిగులు పెట్టుకోకు. వాలంటీర్ల శిక్షణ అయ్యేదాకా నన్నో దర్జీ ఇంట్లో ఉంచారు. మనింట్లో మూడుసార్లు బతిమాలితేగానీ మారు పెట్టించుకోం కదా. అదే అలవాటులో మొదటి రోజు "వద్దమ్మా, చాలు" అన్నాను. ఇంటావిడ గిన్నె తీసుకుని చక్కా లోపలికి వెళ్ళిపోయింది! అప్పట్నుంచీ కడుపులో ఎలుకలు పరుగెడుతుండగానే గాయాలకు కట్లు కట్టడం నేర్చుకుంటున్నాను. నిన్న ఆవిడ దర్జీతో అంటుంటే విన్నాను: "నా వంట పిల్లకి గొంతు దిగట్లేదు. ఇంకో ఇంటికి పంపేద్దామా?" సిగ్గుతో చచ్చి, గిన్నె నేనే లాక్కుని తిన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇక్కడ వద్దంటే వద్దనే అర్థమట.

నా ఊలు స్వెటరు పంపు. పెరట్లో కుళాయి కారడం ఆగిందా? బావ కాఫీ కలపడం నేర్చాడా?

మోకాలి ఆపరేషన్ పెట్టుకుని కూడా "వెళ్ళవే, నాకేం పర్లేదు" అన్నావు. మనింటి పిల్లనై ఉండీ "ఉండిపోనా?" అని ఒక్కసారే అడిగి బయల్దేరిపోయాను. అదే నన్ను తినేస్తోంది.

బావకు నమస్కారాలు, పాపకు ముద్దులు. రెండోసారి అడుగుతున్నాను, వచ్చేయనా? వద్దంటే మళ్ళీ అడుగుతాను.

నీ చెల్లి