నా కాగితం మీది ఇరవై మూడు సంతకాలు

న్యూఫెల్డ్, సౌత్ డకోటా
ఏప్రిల్ 16, 1958, బుధవారం

ప్రియమైన ఫ్రీడక్కకి,

చెల్లెలు లియోనా ప్రేమతో. ఇక్కడ మేమంతా కులాసా. మీ ఎర్రావుకి పెయ్య పుట్టిందని అమ్మ చెప్పింది, సంతోషం. బావగారిని అడిగానని చెప్పు.

ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే మన్నించు. నిన్న కోర్టు హాల్లో జరిగింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

భూమి పన్ను కట్టలేక ముసలి హెల్డాగారి పొలం వేలానికి పోయిన రోజు నుంచీ మా ఆయన డెల్మార్ శాసనసభకి నిలబడతానంటున్నారు కదా. మూడు శీతాకాలాలు మంచులో ట్రక్కు వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. సర్కారు ఖర్చు తగ్గాలి, పన్ను తగ్గాలి అని రైతుల్ని కూడగట్టారు. పద్దెనిమిదేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న క్రాస్‌గారిదీ మా పార్టీయే. అందుకే మా ఆయనంటే మరీ మంట.

పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే పోటీకి నూరు సంతకాలు కావాలి. కాగితం ఎవరు పట్టుకెళితే వాళ్ల కళ్లముందే అందరూ సంతకం పెట్టాలని రూలు. మేం నూట పన్నెండు ఇచ్చాం. అందులో ఇరవై మూడు నా కాగితం మీదివి. ఈస్టరు ముందు చర్చి భోజనాల నాడు వచ్చినవి. ఆ కాగితం చెల్లదని క్రాస్‌గారి వకీలు ఫిర్యాదు పెట్టాడు. అది పోతే మూడేళ్ల శ్రమ మంచులో పోసినట్టే.

నన్ను పిలిచి బైబిలు మీద చెయ్యి పెట్టించారు. నేను నా పేరే గొణుక్కుంటూ చెప్పేసరికి వకీలు నవ్వాడు. “నాతో నాలుగు మాటలు మాట్లాడలేకపోతున్నావు, ఇరవై ముగ్గురి చేత సంతకాలు ఎలా పెట్టించావమ్మా?” అన్నాడు.

“మాట్లాడక్కర్లేదండీ. కూకెన్ కేకు ముక్క పెడితే చాలు,” అన్నాను. నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు. హాలంతా నవ్వింది.

వకీలు మాత్రం నవ్వు ఆపేశాడు. “అందరూ నీ కళ్లముందే పెట్టారా?”

మా ఆయన టోపీ అంచు నలుపుతున్నారు.

“అవునండీ,” అన్నాను.

ఫిర్యాదు కొట్టేశారు. బయట మెట్ల మీద రైతులు మూగితే ఆయన నా భుజం మీద చెయ్యేసి, “మా లియోనాకి అబద్ధమాడటం చేతకాదయ్యా. అదే గెలిపించింది,” అన్నారు. ఏనాడూ మెచ్చుకోని మా అత్తగారు ఇవాళ అందరికన్నా ముందు నాకు కాఫీ పోశారు. శుక్రవారం సభలో నన్ను వేదిక ఎక్కించి, ఆ కూకెన్ మాట మళ్లీ చెప్పిస్తారట.

పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు
లియోనా

తా.క.: అక్కా, నేను చూడలేదు. జనాన్ని అడగడానికి సిగ్గేసి, కాగితమూ కలమూ కూకెన్ పళ్లెం పక్కన పెట్టి, వంటగదిలోకి పోయి గిన్నెలు తోముతూ ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ అయింది, కాగితం నిండింది. అందరూ మనవాళ్లే, దొంగ సంతకం ఒక్కటీ లేదు. కానీ నా కళ్లముందు పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. నిన్న రాత్రి భోజనం ముందు ప్రార్థనలో ఆయన నన్నిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పారు. నేను ఆమెన్ అనలేకపోయాను. ఇప్పుడాయన ఉత్తరపు చేలో గోధుమ విత్తుతున్నారు. ఈ ఉత్తరం టపా డబ్బాలో వేసి, టపా మనిషి ఆగేలా దాని రేకు జెండా లేపి, అటునుంచి అటే చేలోకి వెళ్తాను. నీకిది అందేసరికి ఆయనకి తెలిసిపోయి ఉంటుంది.