మూడు జానల జాగ

సుగుణా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్లి ఎనిమిది నెలలు దాటింది. మేం ముగ్గురం బాగానే ఉన్నాం... అనుకుంటున్నాం.

పిల్లల గది సంగతి చెబుదామని రాస్తున్నాను. బియ్యం బస్తాలు, పాత కూలర్ పెట్టుకున్న మన చిన్నగదే. నువ్వు పోయినప్పటి నుంచీ హాల్లో ఒకే పరుపు మీద పడుకుంటున్నాం. గ్రేస్ పెద్దదవుతోంది, ఇలా ఎన్నాళ్లు? అందుకే గది ఖాళీ చేసి రంగు వేయించాను. గ్రేస్ ఆకుపచ్చ అంది, సన్నీ ఎరుపన్నాడు. చివరికి హాలు రంగే మళ్లీ వేయించాను. నవ్వకు.

అసలు తిప్పలు ఆ తర్వాత. ఉప్పల్ మెట్రో చుట్టుపక్కల ఫర్నిచర్ షాపులన్నీ తిరిగాం. సన్నీ కారులాంటి మంచమెక్కి స్టీరింగ్ పట్టుకుని దిగనన్నాడు. గ్రేస్‌కేమో అద్దమున్న తెల్ల అల్మారా కావాలి. షాపతను ఏవేవో చెక్కల పేర్లు చెప్పాడు. అన్నిటికీ తలూపాను, ఒక్కటీ అర్థం కాలేదు. ఫ్యాక్టరీలో మెషీన్ ఎక్కడ చెడిందో ఇట్టే పట్టేసే నేను, పిల్లల మంచం దగ్గర దిక్కులు చూశాను. నువ్వుంటే రెండు నిమిషాల్లో తేల్చేదానివి కాదూ? "సోకు సూడకు. పిల్లలు రేపు పెద్దగైతరు, అప్పటికి గూడ పనికొచ్చేది సూడు" అనేదానివి.

ఆ మాట పట్టుకునే మల్లాపూర్‌లో వడ్రంగి దగ్గర చేయించాను. కింద సన్నీకి, పైన గ్రేస్‌కు... రెండంతస్తుల మంచం. ఎక్కే మెట్లలోనే బట్టలకు సొరుగులు. ఎదురుగా తెల్ల అల్మారా. చూడ్డానికి బాగుంది. కానీ పిల్లలు పగలంతా దాని మీద ఆడుకుని, పడుకోవడానికి మాత్రం మళ్లీ హాల్లో నా పక్కకే వచ్చారు. ఏం తప్పు చేశాను?

ఈ గది గురించి నువ్వు దవాఖానాలో చెప్పిన మాట ఒకటుంది. సెలైన్ గుచ్చిన చేత్తోనే దుప్పటి మీద జాన పరిచి చూపించావు. "మంచానికి, కిటికీకి నడుమ మూడు జానల జాగ ఇడిసిపెట్టు. మరువకు." ఎందుకని నేను అడగలేదు. అప్పుడు తోచలేదు.

ఎందుకు సుగుణా? కూలర్ కోసమా? నీ కుట్టు మిషన్ కోసమా? మోకరించి ప్రార్థన చేసుకోవడానికా? మంచం బిగించినాయన గోడకు ఆనిస్తే గది పెద్దగా కనబడుతుందన్నాడు. మా అక్క అక్కడ స్టూలు వేయమంది. నేను ఒప్పుకోలేదు. కారణం చెప్పమంటే మాత్రం, నువ్వు చెప్పావన్నాను, అంతే.

మూడు జానలు కొలిచి మంచం అక్కడ పెట్టించాను కదా, అల్మారా తలుపు సగమే తెరుచుకుంది. గ్రేస్ మూతి ముడిచింది. కాసేపటికి నా చెయ్యి తీసుకుని చూసి, మమ్మీ చెయ్యి ఇంత పెద్దగా ఉండేదా అని అడిగింది. అప్పుడు వెలిగింది నాకు. నీ జానల్ని నా చేత్తో కొలిచాను! అన్నేళ్లు పట్టుకున్న చెయ్యి ఎంతుండేదో మరిచిపోయాను. ఏడుపొచ్చింది, నిజంగా.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మంచం కిటికీ వైపు జరుపుదామనుకున్నాం. శనివారం మధ్యాహ్నం సన్నీకి జ్వరం వచ్చింది. హాల్లో పరుపు ఎండకు వేశాను, అందుకని వాణ్ణి కొత్త మంచం మీదే పడుకోబెట్టాను. మమ్మీ కావాలని ఒకటే ఏడుపు. పక్కన కూర్చుందామంటే పైమంచం తలకు తగులుతోంది. ఇక కిటికీ కింద గోడకానుకుని, నేల మీద చతికిలబడి జోకొట్టాను. నా చొక్కా పట్టుకుని నిద్రపోయాడు. ఆ మంచం మీద వాడు నిద్రపోవడం అదే మొదటిసారి. పైనుంచి గ్రేస్ చెయ్యి కిందికి వేలాడేసింది. ఆ చెయ్యీ పట్టుకున్నాను.

అప్పుడు చూసుకున్నాను. మోకాళ్లు మంచానికి తగలడం లేదు. సరిగ్గా సరిపోయాను.

నువ్వు కూర్చోవడానికే కొలుచుకున్నావు కదా? ఇంటికి వస్తాననే అనుకున్నావా? లేక నేను కూర్చుంటానని ముందే తెలుసా... తెలిస్తే నా చేత్తో కొలవమని చెప్పి ఉండేదానివి కాదా?

ఏమో, నాకు అంతుపట్టడం లేదు. మంచం మాత్రం జరపను. తలుపు సగం తెరుచుకున్నా చాలని గ్రేసే అంది. ఆ జాగలో ఎవరినీ స్టూలు వేయనివ్వను. పిల్లలు పడుకునే వేళకు రోజూ అక్కడే ఉంటాను.

నీ,
సన్నీ డాడీ