దీపం ఉన్నవాళ్ళకి కనపడే రాయి

లీస్కోవిత్సే,
ఆదివారం, మేకకి మేత వేసి వచ్చాక

సౌభాగ్యవతి బ్లాజెనాకి ఆల్బీన్ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, మేకా, కోళ్ళూ బాగున్నాం. నల్లకోడి మాత్రం నువ్వు వెళ్ళినప్పటినుంచీ గుడ్డు పెట్టడంలేదు, అలిగినట్టుంది. అక్కడ నువ్వూ, మీ చెల్లెలు జోఫీ కూడా ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. ఇదివరకటివన్నీ కంటాసుపత్రి నర్సు రాసిపెట్టినవి. ఆ పిల్ల దస్తూరీ ముత్యాల్లా ఉండేది, కానీ చదువుతుంటే ఎవరింటి సంగతులో చదువుతున్నట్టుండేది. ఈసారి రాత నీది. అక్షరానికీ అక్షరానికీ మధ్య మన మేక దూరేంత సందు ఉంది. వరస కొండెక్కుతోంది. అయినా నీదే. గుమ్మంలోనే నిలబడి చదివాను. ఉత్తరం తెచ్చిన ఎవ్‌జెనా "ఏంటి ఆల్బీన్, ఎవరైనా పోయారా?" అంది. నేనేం ఏడవలేదు. మంచు పడుతోంది, కంట్లో పడింది.

నువ్వడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. ఒక్కదానికి మాత్రం చివర్లో రాస్తాను, తొందరపెట్టకు.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పక్కింటి ఒతీలియా రోజూ పుట్టగొడుగుల సూపు గిన్నెతో తెచ్చి, నేను తినేదాకా నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడుతోంది. "తాగు బాబాయ్, పిన్ని వచ్చి నిన్ను తూకం వేస్తుంది, తగ్గితే నన్నంటుంది" అంటుంది. పులియబెట్టిన క్యాబేజీ పీపా మీద బరువురాయి పెట్టాను. పొగగొట్టం దులిపించాను. నీ కుట్టుమిషను మీద గుడ్డ కప్పే ఉంచాను.

చొక్కాలు ఉతుకుతున్నావా అని కూడా అడిగావు. దాని గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

ఇంక పని సంగతి. నువ్వు వెళ్ళాక సహకార సంఘంవాళ్ళు మనకి కొత్తపని ఇచ్చారు. రోడ్డు పక్క స్తంభాలకి బిగించే ఎర్ర బిళ్ళలు. రాత్రిపూట లారీ దీపం పడితే మెరుస్తాయే, అవి. అచ్చు మనం పూత వేసే బ్రోచి రాళ్ళ సైజే, అదే ఎర్ర గాజు, ముందువైపు అదే నున్నన. వెనకవైపు మాత్రం చిన్న చిన్న మూడు పలకల గుంటలు, తేనెపట్టులాగా. వెండి పూత రెంటికీ ఒకటే. పంచదార నీళ్ళు, వెండి నీళ్ళు, కడగడం, పైన వార్నిష్. అంతా నీకు తెలిసిందేగా. నా వేళ్ళు ఎప్పట్లాగే బొగ్గులు.

అదే వారం అగ్నిమాపక దళం వాళ్ళ డాన్సుకి మన ఊరి పాటల ఆడవాళ్ళందరికీ గుండెల మీద ఒకేరకం బ్రోచీలు పెట్టాలన్నారు. చుట్టూ ఇత్తడి ఆకులు, మధ్యలో ఒక్క పెద్ద ఎర్రరాయి. రాళ్ళు నేనివ్వాలి, బిగించేది ఒతీలియా. బ్రోచి రాళ్ళ డబ్బా, స్తంభాల బిళ్ళల డబ్బా ఒకే పలక మీద పెట్టుకుని కొట్టంలోంచి ఇంట్లోకి వస్తున్నాను. గడప దగ్గర మంచు గడ్డకట్టి ఉంది. నేను పడలేదు. డబ్బాలు పడ్డాయి.

రెండూ కలిసిపోయాయి. వార్నిష్ మందంగా పట్టడంతో వెనకవైపు చూసినా నా కంటికి తేడా తెలియలేదు. నువ్వుంటే వెనక వేలితో ఒక్కసారి రాసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే వేరుచేసి పారేసేదానివి. నా వేళ్ళకి స్పర్శ ఎక్కడుంది? వెండి నీళ్ళు తినేశాయి. అందుకని నాకొచ్చిన పద్ధతే పట్టాను. పూత సరిగ్గా పట్టిందో లేదో చూడటానికి దీపం చెంప పక్కన పెట్టుకుని చూస్తాను కదా, అలాగే చూశాను. కొన్ని మామూలుగా మెరిశాయి. కొన్ని పొయ్యిలోంచి తీసిన నిప్పుల్లా మండిపోయాయి. ఇన్నేళ్ళలో అంత మెరుపు చూడలేదు. ఆ మండేవే బ్రోచి రాళ్ళని ఏరి పక్కన పెట్టాను.

మండేవాటిలోనూ మేలైనవి ఒతీలియాకీ, నాకు రొట్టె పంపినవాళ్ళకీ, నీ కళ్ళ గురించి అడిగినవాళ్ళకీ అని విడిగా కట్టి ఇచ్చాను. అన్నిట్లోకీ పైదాన్ని నీకోసం దాచాను. మండేవి అందరికీ సరిపోలేదు. చివర్లో మిగిలిన ఒకరిద్దరికి ఆ మామూలువే ఇచ్చాను. ఎవ్‌జెనాకి మామూలుది వెళ్ళింది. ఇది నేను కావాలని చేశానని మాత్రం ఎవరితోనూ అనకు.

డాన్సుకి వెళ్ళావా అని అడిగావు. వెళ్ళాను. నువ్వు వెళ్ళమన్నావు కాబట్టి వెళ్ళాను. పొయ్యికీ బీరు పీపాకీ మధ్య బల్ల ఉంది చూడు, అక్కడ కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే ఎవరూ పలకరించరు, పలకరించినా బీరు పట్టమనే.

ఆడవాళ్ళు అరుగెక్కి వరసగా నిలబడ్డారు. పైన బల్బులు వెలుగుతున్నాయి. ఎవ్‌జెనా గుండెల మీద రాయి తళతళమంటోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా మెరుపు. ఒతీలియా రాయి చూద్దునుగదా, ఆరిపోయిన బొగ్గు. దాని పక్కావిడదీ బొగ్గే. నేనెవరెవరికి మేలైనవి ఇచ్చానో, అందరివీ బొగ్గులే. బ్లాజెనా, పొయ్యిలోకి దూరిపోదామనిపించింది.

మొదటి పాట అయ్యీ అవగానే ఒతీలియా అరుగు దిగి తిన్నగా నా దగ్గరకే వచ్చింది.

"బాబాయ్! రోజూ సూపు పోసింది నేను. మెరుపు ఆవిడకా?"

నేను పొయ్యివైపు తిరిగాను. నీకు తెలుసుగా.

"పోనీ మర్చిపోయాననైనా చెప్పు! మీ మేకకి పాలు పితికింది ఎవరు? పోస్టాఫీసా?"

ఎవ్‌జెనా అరుగు మీదనుంచే అంది, "ఆయన్నెందుకంటావ్ ఒతీలియా? మెరుపు రాయిలో ఉండదమ్మా, పెట్టుకున్నవాళ్ళలో ఉంటుంది."

హాలు హాలంతా నవ్వింది. ఒతీలియా మొహం రాయికంటే ఎర్రగా అయింది. "ఇంటికొస్తే ఖాళీ గిన్నె చూపిస్తా బాబాయ్" అని మళ్ళీ అరుగెక్కింది. నేను తలుపెటుందా అని చూస్తున్నాను.

అప్పుడు తలుపు దానంతటదే తెరుచుకుంది. ఒతీలియా మొగుడు ఆంబ్రోజ్, దళం నాయకుడు కదా, షెడ్డులోంచి ఇంకో జగ్గు బీరు తేవడానికి వెళ్ళాడు. షెడ్డులో చీకటి. అందుకని నెత్తిన హెల్మెట్, దాని ముందు దీపం. దీపం ఆర్పకుండానే లోపలికొచ్చాడు. భుజాల మీద మంచు, చేతిలో జగ్గు. తలెత్తి అరుగుకేసి చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు.

"ఒతీలియా! నిప్పు! నీమీద నిప్పు!"

అని అరిచి, మూడంగల్లో అరుగు దగ్గరికెళ్ళి జగ్గు జగ్గంతా పెళ్ళాం గుండెల మీద గుమ్మరించేశాడు. దళం నాయకుడంటే అలా ఉండాలి.

పాట ఆగిపోయింది. అకార్డియన్ మాత్రం కాసేపు ఒంటరిగా వాయించుకుంది. ఒతీలియా జుట్టులోంచి బీరు కారుతోంది.

"ఏ నిప్పురా నీ మొహం! ఎక్కడ నిప్పు?"

"ఇంకా మండుతోందే! నీ పక్కావిడకీ అంటుకుంది! నీళ్ళు తెండర్రా!"

ఎవరికీ ఏమీ కనపడటంలేదు. "షెడ్డులో ఎంత తాగావు ఆంబ్రోజ్?" అని ఒకడు. "ప్లమ్ సారా కళ్ళకెక్కింది" అని ఇంకొకడు. ఆంబ్రోజ్ దీనంగా చుట్టూ చూస్తున్నాడు. నేను ఆయన నెత్తిన దీపం చూశాను. అది కళ్ళకి జానెడు పైన ఉంది. నేను పెట్టుకునే దీపం కళ్ళకి జానెడు పక్కన ఉంటుంది. అప్పుడర్థమైంది నేనేం చేశానో.

లేచి నిలబడ్డాను. నేను లేచేసరికి అందరూ తిరిగి చూశారు. అంత మంది ఒక్కసారి నాకేసి చూడటం మన పెళ్ళి తర్వాత ఇదే. పెళ్ళిలో అయినా నువ్వు చెయ్యి పట్టుకుని ఉన్నావు.

"అది... రోడ్డు బిళ్ళ" అన్నాను. "దీపం ఎటునుంచి వస్తే అటే తిరిగిచ్చేస్తుంది. దీపం ఉన్నవాడికే కనపడుతుంది. మిగతావాళ్ళకి ఏం కనపడదు."

అంతే అన్నాను. చాలా ఎక్కువ మాట్లాడినట్టనిపించి కూర్చున్నాను.

ఒతీలియా బీరు తుడుచుకోవడం ఆపేసింది. మొగుడికేసి చూసి, "ఏదీ, మళ్ళీ చూడు. ఈసారి నన్ను ఆర్పకుండా చూడు" అంది. ఆంబ్రోజ్ చూశాడు. అంత లావు మనిషి, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని చూశాడు. "ఎలా ఉన్నానేంటి?" అంటే "ఏమో, మండిపోతున్నావు" అన్నాడు. దాంతో మగాళ్ళందరూ హెల్మెట్ కోసం ఎగబడ్డారు. నాకివ్వంటే నాకివ్వని తోపులాట. చివరికి ఎవరో లైట్లు తగ్గించి వరసలో నిలబెట్టారు. ఒక్కొక్కడూ హెల్మెట్ పెట్టుకోవడం, తన పెళ్ళాన్ని వెతుక్కోవడం, అబ్బ అనుకోవడం. ఏళ్ళ తరబడి కంచంలోంచి తలెత్తని వాళ్ళు కూడా కన్నార్పకుండా చూశారు. అరుగు మీద ఆడవాళ్ళు నవ్వుతూ, సిగ్గుపడుతూ, జుట్టు సర్దుకుంటూ నిలబడ్డారు. పాడటం ఎవరికీ గుర్తు లేదు.

ఎవ్‌జెనా మొగుడి వంతు వచ్చింది. ఆయన పాపం నిజం చెప్పేశాడు. "అందరూ మండుతున్నారే, నువ్వేంటి మిణుకు మిణుకుమంటున్నావు?"

ఒతీలియా ఈ అవకాశం వదులుతుందా? "రాయిలో ఏముందిలే అన్నా, పెట్టుకున్నవాళ్ళలో ఉంటుందట" అంది. ఎవ్‌జెనా కూడా నవ్వేసింది. మర్నాడు ఉత్తరాలతోపాటు తన బ్రోచి కూడా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "నాక్కూడా ఆ బొగ్గే వెయ్యి ఆల్బీన్" అంది. వేశాను.

ఇప్పుడు ఒతీలియా బడిపిల్లల సంచులన్నిటికీ ఆ బిళ్ళలు కుట్టేస్తోంది. పొద్దున్నే పొగమంచులో పిల్లలు రోడ్డెంట నడిచి వెళ్తారు కదా. బస్సు నడిపేవాడు దూరంనుంచే ఎర్రచుక్కల వరస కనపడుతోందని చెప్పాడు. సంఘం పెద్దాయన వచ్చి, కోటు బొత్తాల్లాగా కూడా చేద్దాం, ఇది కొత్తగా కనిపెట్టినట్టే అన్నాడు. "ఎలా తట్టింది ఆల్బీన్ నీకు?" అని అడిగాడు. "మా ఆవిడ ఊళ్ళో లేకపోవడంవల్ల" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నేను నిజమే చెప్పాను.

ఇంక ఆఖరికి పెట్టిన ప్రశ్న. శనివారం సాయంత్రం బండికి స్టేషనుకి వస్తావా, లేక కిందటిసారిలా ఇంకొకర్ని పంపుతావా అని అడిగావు. దాని కిందే, నీ మొహం సరిగ్గా చూసి ఆరేళ్ళయింది అని రాశావు. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివాను.

నీకు చెప్పనిదొకటి ఉంది. ఆ సాయంత్రం వరసలో ఆఖరికి హెల్మెట్ నా నెత్తికే వచ్చింది. "బాబాయ్, నువ్వెవర్ని చూస్తావు?" అంది ఒతీలియా. అరుగు మీద నాకెవరున్నారు? సిగ్గేసి కిటికీ వైపు తిరిగాను. బయట చీకటి, అద్దం నల్లగా ఉంది. అందులో నెత్తిన దీపంతో ఒక ముసలివాడు కనపడ్డాడు. ముందు పళ్ళు రెండు లేవు. చెవుల్లో వెంట్రుకలు. మెడ మన కోడిపుంజు మెడ. ఈ ఆరేళ్ళూ నీకు నేను మసకలోనే ఉన్నాను, బాగానే ఉన్నాను. ఇప్పుడు నీకు కొత్త కళ్ళు. వాటితో మొట్టమొదట చూసేది ఇదా అని భయం వేసింది. నీ ఆపరేషనుకి కూడా నేనంత భయపడలేదు.

అందుకని నా బదులు స్టేషనుకి వెళ్ళమని ఆంబ్రోజ్‌ని అడిగాను. మోకాలు నొప్పి అని చెప్పాను. ఆయన సరేనన్నాడు. కానీ ఒతీలియా వినేసింది.

"బాబాయ్, పిన్ని అన్ని రోజులు కళ్ళకి కట్టు కట్టించుకుని పడుకున్నది మా ఆయన మొహం చూడ్డానికా?"

ఆవిడ ఇంకోమాట కూడా అంది. "పిన్ని మాత్రం పదహారేళ్ళ పిల్లై దిగుతుందా ఏంటి? సోడాబుడ్డి కళ్ళద్దాలతో గుడ్లగూబలా దిగుతుంది." ఇది నేను అన్నది కాదు, ఒతీలియా అన్నది.

కాబట్టి నేనే వస్తున్నాను. మోకాలు బాగానే ఉంది.

నన్ను వెతుక్కోవడం నీకెప్పుడూ తిప్పలే. నేను నీళ్ళ పంపు వెనకాల నిలబడతాను. చెయ్యి ఊపలేను, పిలవలేను. నువ్వు ప్లాట్‌ఫారం అదిరేలా "ఆల్బీన్, ఎక్కడ చచ్చావయ్యా!" అని అరుస్తావు. అప్పుడు ఊరంతా చూస్తుంది. ఈసారి అరవక్కర్లేదు. నీకోసం దాచిన రాయి ఉందని చెప్పాను కదా, అన్నిట్లోకీ పైది. దాన్ని ఒతీలియా నా టోపీకి కుట్టిపెట్టింది. ఇంటికొచ్చాక నీకే ఇచ్చేస్తాను.

జోఫీ దగ్గర టార్చిలైటు ఉంటుంది, అడిగి తెచ్చుకో. బండి దిగగానే దాన్ని నీ కొత్త కళ్ళ పక్కనే పెట్టుకుని నీళ్ళ పంపు వైపు చూడు. కిందకి దించి పట్టుకోకు, అప్పుడు కనపడను. అక్కడ దిగేవాళ్ళందరికీ నేను నల్లకోటు వేసుకున్న ముసలివాణ్ణి. నీ ఒక్కదానికే మండుతూ కనపడతాను.

ఇట్లు
నీళ్ళ పంపు వెనకాల నిలబడే
నీ ఇంటాయన
ఆల్బీన్